పన్ను మీద టన్ను

జూలై నెల. ఉదయం ఎనిమిది కూడా కాలేదు, షట్టరు సగమే లేపాను. రాత్రంతా కురిసిన వానకు ములుగు రోడ్డు పక్కన నీళ్ళు నిలిచి ఉన్నాయి. పరకాల దిక్కు నుంచి ఒక పెద్దాయన బైకు వెనక గోనె సంచి కట్టుకుని వచ్చాడు. సంచి విప్పి నా బెంచీ మీద ఒక గేరు పెట్టాడు. పిక్కల దాకా ఎండిన బురద. పొలంలోంచి నేరుగా వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది.

"రాయి తాకింది తమ్మీ. పన్ను ఎగిరిపోయింది. ఇయ్యాల్నే చేసియ్యాలె, నారు ముదురుతాంది."

ట్రాక్టర్ వెనక తగిలించి కత్తులతో మన్ను కోసే రొటావేటర్ ఉంటుంది కదా, దాని మధ్య పెట్టెలో ఉండే బెవెల్ పినియన్ అది, అంటే వాలు పళ్ళ చిన్న గేరు. ఇంజన్ బలాన్ని బయటి పనిముట్లకు ఇచ్చే షాఫ్ట్ ట్రాక్టర్ వెనక ఉంటుంది, పీటీవో అంటారు. దాన్నుంచి వచ్చే బలాన్ని మొదట అందుకునేది ఇదే. దీనికి పదమూడు పళ్ళుండాలి. పన్నెండే ఉన్నాయి. పదమూడోది మొదలంటా ఊడిపోయింది.

"విరిగిన ముక్క ఏది కాకా?"

"ముక్కతోని ఏం పని? పెట్టెలనే ఎక్కడ్నో పడి ఉంటది."

"ముక్క దొరికేదాకా పని మొదలుపెట్టను. పెట్టె మొత్తం విప్పి పట్టుకరా."

ఆయనకు కోపం వచ్చింది. నడి సీజన్‌లో దమ్ము ఆగిపోతే ఎవరికైనా వస్తుంది. పైగా పోయి రావడానికే రెండు గంటలు. కానీ ఆ ముక్క పెట్టెలోనే ఉండిపోతే, కొత్త గేరు వేసిన గంటలోనే రెండు పళ్ళ మధ్య పడి దాన్ని కూడా విరగ్గొడుతుంది. బాపు దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. పన్ను విరిగితే ముందు ముక్క వెతుకు, తర్వాత కారణం వెతుకు, ఆఖరికి గేరు చెయ్యి.

బాపు ఆజంజాహీ బట్టల మిల్లులో ఫిట్టర్. 1934లో మొదలైన ఆ మిల్లు వరంగల్‌లో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించిందో ఇక్కడి పాతవాళ్ళను ఎవరినడిగినా చెబుతారు. మిల్లు మూతపడ్డాక ఆయన ఒక పాత లేత్, ఆ తర్వాత ఒక మిల్లింగ్ మెషీన్ కొని ఈ షెడ్డు పెట్టాడు. నేను డిప్లొమా చేసి ఆయన పక్కన నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళయింది. ఆయన పోయి ఆరేళ్ళు. గేరు పళ్ళను సమానంగా పంచే డివైడింగ్ హెడ్ హ్యాండిల్ మీద ఆయన చెయ్యి అరగదీసిన చోటే ఇప్పుడు నా చెయ్యి పడుతుంది.

పెద్దాయన వెళ్ళాక మా అమ్మాయి టిఫిన్ డబ్బా తెచ్చింది. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. వానకు కాలేజీ సెలవు. బెంచీ మీది పినియన్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి అడిగింది.

"డాడీ, గేరు తగ్గిస్తే బలం పెరుగుతుందంటారు కదా. ఆ పెరిగిన బలం ఎక్కడి నుంచి వస్తుంది?"

ఎక్కడి నుంచీ రాదు. ఈ పనిలో ఇన్నేళ్ళుగా నేను మెకానిక్‌లకు, డ్రైవర్లకు, రైతులకు చెబుతూ వస్తున్న మాట ఇదొక్కటే. గేరు తన దగ్గర్నుంచి ఏమీ ఇవ్వదు. వేగాన్ని తీసుకుని బలం ఇస్తుంది, లేదా బలాన్ని తీసుకుని వేగం ఇస్తుంది. ఒక చేత్తో తీసుకోకుండా ఇంకో చేత్తో ఇవ్వడం దానికి చేతకాదు.

మా షెడ్డు ముందు రోజూ లారీల్లోకి ఆయిల్ డ్రమ్ములు ఎక్కిస్తుంటారు. డ్రమ్మును ఐదడుగుల ఎత్తుకు నిలువునా లేపాలంటే నలుగురు కావాలి. అదే పదిహేను అడుగుల చెక్క వాలుగా వేస్తే ఇద్దరు దొర్లించుకుంటూ ఎక్కించేస్తారు. బలం మూడో వంతు సరిపోయింది, దూరం మాత్రం మూడింతలైంది. డ్రమ్ము ఎక్కిన ఎత్తు అదే, మొత్తం పడిన కష్టం అదే. గేరు చేసేది కూడా ఇదే పని. కాకపోతే ఆ వాలు చెక్కను గుండ్రంగా చుట్టి పెట్టెలో పెట్టాం.

ట్రాక్టర్‌నే తీసుకుందాం. 45 హార్స్‌పవర్ ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నప్పుడు దాని షాఫ్ట్‌కు మీటరు పొడవు రాడ్డు బిగించామనుకోండి. ఆ రాడ్డు కొసన ఇంజన్ నెట్టగలిగేది 16 కిలోల బరువును. అంతే. ఒక చిన్న బియ్యం మూట. అంత పెద్ద చప్పుడు చేసే ఇంజన్ బలం ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది నిమిషానికి 2000 సార్లు ఆ పని చేస్తోంది. లో గేరులో, మొదటి స్పీడులో వెనక చక్రం నిమిషానికి పది చుట్లకు మించి తిరగదు. మధ్యలో ఉన్న గేర్లన్నీ కలిసి వేగాన్ని రెండు వందలో వంతుకు తగ్గించాయి. కాబట్టి 16 కిలోలు కాస్తా 3200 కిలోలకు పోయాయి. ఒక్కో గేరు జత దగ్గర నూటికి ఒకటి రెండు వంతులు వేడిగా మారి పోతాయి. ఆ కొంచెం తీసేస్తే లెక్క సరిగ్గా తేలుతుంది. చివరన పెరిగినదంతా వేగంలోంచి కోసి ఇచ్చిందే.

అమ్మాయి ఇది విని, "మరి ఈ పన్ను మీద ఎంత పడుతుంది?" అంది. సుద్దముక్క ఇచ్చి నేల మీదే లెక్క వేయించాను.

హార్స్‌పవర్ అంటే 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు లేపడం. 45 హార్స్‌పవర్ ట్రాక్టర్‌లో పీటీవో దాకా వచ్చేది ఒక 38 అనుకుందాం. 38ని 75తో గుణిస్తే 2850. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9. మా ముందున్న పినియన్ పళ్ళు ఎదుటి పళ్ళతో కలిసే చోట వ్యాసం 100 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. దాని చుట్టుకొలత 314 మిల్లీమీటర్లు. సెకనుకు తొమ్మిది చుట్లంటే పన్ను సెకనుకు 2.83 మీటర్లు ప్రయాణిస్తోంది. 2850ని 2.83తో భాగించింది. 1007 వచ్చింది. ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే వచ్చింది.

వెయ్యి కిలోలు. ఒక టన్ను.

పన్ను మందం చూడండి, 12 మిల్లీమీటర్లు, నా బొటనవేలంత లేదు. ఒక పన్ను వదిలేలోపు వెనక పన్ను అందుకుంటుంది కాబట్టి కొంతసేపు ఇద్దరూ కలిసి మోస్తారు. కానీ ప్రతి చుట్టులో ఒక క్షణం ఆ టన్ను మొత్తాన్నీ ఒక్క పన్నే ఒంటరిగా మోయాలి. సెకనుకు తొమ్మిది సార్లు. గంటకు 32,400 సార్లు. దమ్ము సీజన్‌లో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎన్ని సార్లో మీరే వేసుకోండి.

ఆటో ట్రాలీలో పెట్టె వచ్చేసరికి పన్నెండు దాటింది. నూనె వంపితే గ్రీజులాగా నల్లగా కారింది. గేర్ ఆయిల్ మార్చి చాలా కాలమైందని వాసనే చెబుతోంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం నా దగ్గర ఒకటి ఉంది. అమ్మాయి దాన్ని కర్రకు కట్టి పెట్టె అడుగంతా తడిమింది. మొదట ఇనుపరజను వచ్చింది, ముళ్ళపందిలాగా నిక్కబొడుచుకుని. తర్వాత రెండు చిన్న పెచ్చులు. ముక్క మాత్రం లేదు. అరగంట వెతికాక అడుగు బేరింగ్ వెనకాల, మడ్డిలో కూరుకుపోయి దొరికింది. కిరోసిన్‌లో కడిగి బెంచీ మీద పెట్టాం. పినియన్ మీద ఆనిస్తే పట్టినట్టు అతికింది.

ఇలాంటప్పుడు నేను తొందరపడను. విరిగిన పన్ను లోపలి ముఖం చూడటం డాక్టరు ఎక్స్‌రే చూడటం లాంటిది. ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూపించాను. ఒకవైపు మొదలు దగ్గర్నుంచి దాదాపు సగం దాకా నున్నగా ఉంది. అందులో ఆల్చిప్ప మీద ఉండేలాంటి సన్నని వంపు గీతలు, ఒకదాని వెనక ఒకటి. మిగతా సగం బెల్లం దిమ్మ విరిచినట్టు గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంది.

ఒక్క దెబ్బకు విరిగితే ముఖమంతా ఆ బెల్లం దిమ్మలాగే ఉండాలి. నున్నగా ఉందంటే పగులు ఎప్పుడో పుట్టింది. ప్రతి చుట్టుకూ కొంచెం తెరుచుకుని, మూసుకుని, రెండు అంచులు ఒకదానికొకటి రుద్దుకుని నునుపుదేలాయి. ఆ వంపు గీతలు పగులు ఎక్కడెక్కడ ఆగి మళ్ళీ ముందుకు పోయిందో చెప్పే ఆనవాళ్ళు. సగం పన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన సగంతోనే ఇన్నాళ్ళు నడిచింది.

"మరి రాయి?" అన్నాడు పెద్దాయన.

"రాయి తాకింది నిజమే కాకా. అది ఆఖరి దెబ్బ. మొదటి దెబ్బ వేరే ఉంది."

వెనక మూత విప్పాను. ఈ రొటావేటర్ పెట్టెలో బెవెల్ జత తర్వాత, వెనక మూత కింద ఇంకో జత మామూలు గేర్లు ఉన్నాయి. వాటిని తీసి మార్చుకోవచ్చు. ఒకటి 16 పళ్ళది, ఇంకోటి 19 పళ్ళది. రెండూ కలిపితే 35. షాఫ్టుల మధ్య దూరం మారదు కాబట్టి ఏ జత వేసినా ఆ మొత్తం 35 రావాల్సిందే. 16 తిప్పేది, 19 తిరిగేది అయితే కత్తులు నెమ్మదిగా, బలంగా తిరుగుతాయి. రెంటినీ తారుమారు చేస్తే వేగంగా తిరుగుతాయి. ఈయన పెట్టెలో 19 తిప్పే చోట ఉంది.

అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. యాసంగి దమ్ములప్పుడు వాళ్ళ పెద్దబ్బాయి మార్చాడట. కిరాయికి తోలేది ఎకరం లెక్కన కదా, మన్ను తొందరగా పొడి అయితే బండి తొందరగా నడుస్తుంది, రోజుకు ఇంకో ఎకరం ఎక్కువ పడుతుందని. నిజంగానే పడింది కూడా.

తారుమారు చేస్తే ఏమవుతుందో అమ్మాయే లెక్క చెప్పింది. మొదట కత్తుల షాఫ్ట్‌కు 16 బై 19 వేగం. ఇప్పుడు 19 బై 16. ఈ రెంటి తేడా 1.41 రెట్లు. కత్తులు 41 శాతం ఎక్కువ వేగంగా తిరుగుతున్నాయి. మన్ను అడ్డుకునే బలం మాత్రం తగ్గలేదు. అదే మన్నును అంత వేగంగా కోయాలంటే పినియన్ పన్ను 41 శాతం ఎక్కువ మోయాలి. అంతకుముందు 700 కిలోలు మోసే పన్ను ఇప్పుడు టన్ను మోస్తోంది, రోజంతా. ఆ ఎక్కువ పడిన ఎకరం ఈ పన్ను లోంచి వచ్చింది. గేరు ఒక చేత్తో ఇస్తే ఇంకో చేత్తో తీసుకుంటుందని పొద్దున అమ్మాయికి చెప్పింది, మధ్యాహ్నానికి మా బెంచీ మీదే కనిపించింది.

ఇంకోటి కూడా ఉంది. పీటీవో షాఫ్ట్ దగ్గర ఒక మెత్తటి బోల్టు ఉంటుంది, షియర్ బోల్టు అంటారు. రాయి తాకినప్పుడు ముందు అదే తెగాలి. దాని పనే తెగడం. మాటిమాటికీ తెగుతోందని చాలామంది ఆ చోట గట్టి బోల్టు వేస్తారు. ఈయన కూడా అదే చేశాడు. బోల్టు తెగనప్పుడు ఇంకేదో తెగుతుంది. ఈసారి పన్ను తెగింది.

బెవెల్ గేర్లు నేను కోయను. వాటికి వేరే మెషీన్లు కావాలి. పినియన్‌తో కలిసి తిరిగే పెద్ద గేరును క్రౌన్ అంటారు. క్రౌన్, పినియన్ రెంటినీ ఒకదాంతో ఒకటి రుద్ది జత చేసి అమ్ముతారు కాబట్టి సెట్టు మొత్తం కొనమన్నాను. "ఒక్కటే పోయింది గదా, రెండెందుకు?" అన్నాడు. అరిగిన క్రౌన్ పక్కన కొత్త పినియన్ వేస్తే పన్ను పన్నుకు మొత్తం వెడల్పునా తాకదు, ఒక మూల మాత్రమే తాకుతుంది. టన్ను ఆ మూల మీద పడుతుంది. ఈ మాట చెప్పాక ఒప్పుకున్నాడు.

16, 19 జత మాత్రం నేనే చేయాలి. అది లోకల్ పెట్టె, ఆ సైజు దుకాణాల్లో దొరకలేదు. ఊడిన ముక్క దొర్లుతూ పోయి 19 పళ్ళ గేరులో రెండు పళ్ళ అంచులు పెచ్చులు లేపింది. "రెండు పళ్ళే కదా" అనుకోకూడదు. 16కీ, 19కీ ఒకటి తప్ప ఉమ్మడిగా భాగించే అంకె లేదు. అందుకని 16 పళ్ళ గేరు పంతొమ్మిది చుట్లు తిరిగితే గానీ ఏ జత పళ్ళూ మళ్ళీ కలవవు. ఈలోపు ప్రతి పన్నూ అవతలి గేరులోని ప్రతి పన్నునూ ఒకసారి పలకరించి వస్తుంది. మామూలు రోజుల్లో ఇది మంచిదే. అరుగుడు అందరికీ సమానంగా పంచుకుంటుంది. అదే 16కి 32 పెట్టారనుకోండి, ఎప్పుడూ అవే పళ్ళు తగులుకుంటాయి, ఒకదాని లోపం ఒకచోటే తవ్వుతూ పోతుంది. కానీ పన్ను పెచ్చు లేచిందంటే ఈ మంచి గుణమే ఎదురు తిరుగుతుంది. చెడిపోయిన రెండు పళ్ళూ 16 పళ్ళ మీదా గీతలు పెట్టాయి.

మా బావ కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పనిచేస్తాడు. ఒకసారి పండక్కి వచ్చినప్పుడు ఈ ముచ్చటే వచ్చింది. గూడ్స్ లాగే డబ్ల్యూఏజీ-7 ఇంజన్‌లో మోటారు మీద 16 పళ్ళ పినియన్, ఇరుసు మీద 65 పళ్ళ పెద్ద గేరు. ప్యాసింజర్ బండ్లు లాగే డబ్ల్యూఏపీ-4లో 23కి 58. రెండు జతల్లోనూ ఉమ్మడి భాజకం లేదని బావే చేతివేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. గూడ్స్ ఇంజన్‌లో మోటారు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ప్యాసింజర్‌లో రెండున్నర చుట్లకే ఒక చుట్టు. బొగ్గు లోడు లాగేదానికి బలం కావాలి, ఎక్స్‌ప్రెస్‌కు పరుగు కావాలి. మా పెట్టెలో 16, 19 తారుమారు అయితే జరిగేది అక్కడ లోకో లోకోకూ ముందే తేల్చి పెట్టారు. అప్పటి నుంచి కాజీపేట గేటు దగ్గర గూడ్స్ బండి కదిలేటప్పుడు నాకు ఆ 65 పళ్ళే కళ్ళ ముందు తిరుగుతాయి.

పాత గేరు కొలవడం దగ్గర నేను ఎప్పుడూ రెండుసార్లు ఆగుతాను. దానికి కారణం ఉంది. డిప్లొమా అయిన కొత్తలో ఒకాయన పాత ఇంగ్లీషు లేత్ గేరు తెచ్చాడు, 38 పళ్ళది. బయటి వ్యాసం కొలిస్తే 100.7 వచ్చింది. పళ్ళ కొసలు నలిగి, అరిగి ఉన్నాయి. మాడ్యూల్ అంటే పళ్ళు కలిసే చోటి వ్యాసాన్ని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేది. బయటి వ్యాసం దొరికితే పళ్ళ సంఖ్యకు రెండు కలిపి భాగిస్తే చాలు. 40తో భాగిస్తే రెండున్నరకు దగ్గరగా వచ్చింది. రెండున్నర మాడ్యూల్ అని ఖాయం చేసి కోసి ఇచ్చేశాను. పళ్ళలో పళ్ళు కూర్చున్నాయి, తిరిగింది కూడా. కానీ కుయ్‌మని ఒక సన్నని ఏడుపు. మూడు వారాలకు పళ్ళు తిని వదిలేసింది.

బాపు ఆ గేరును చేతిలో పట్టుకుని "ఇది అంగుళాల బండిరా" అన్నాడు. ఇంగ్లీషు యంత్రాలకు మాడ్యూల్ ఉండదు, వ్యాసంలో అంగుళానికి ఇన్ని పళ్ళని లెక్క, డయామెట్రల్ పిచ్ అంటారు. ఆ గేరు 10 పిచ్. అసలు బయటి వ్యాసం నాలుగు అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు. నేను 100కు చేశాను. పన్నుకూ పన్నుకూ మధ్య తేడా 0.13 మిల్లీమీటర్లు, పోస్టుకార్డు మందం కూడా ఉండదు. పైగా పాత యంత్రాల్లో పన్ను వాలు పద్నాలుగున్నర డిగ్రీలు, నేను వాడిన కట్టర్ 20 డిగ్రీలది. బాపు తిట్టలేదు. ఆ రాత్రే కూర్చుని కొత్త గేరు తనే కోసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. తర్వాత మా ఇంట్లో ఉన్న ఒక చెక్క కండె తెచ్చాడు, మిల్లు నుంచి వచ్చింది.

కాగితం మీద కండె నిలబెట్టి, దారం కొసకు పెన్సిల్ కట్టి, దారం బిగువు వదలకుండా విప్పుకుంటూ గీయమన్నాడు. కండె నుంచి మొదలై బయటికి విచ్చుకుంటూ పోయే ఒక వంపు వచ్చింది. "పన్ను పక్క చూడు" అన్నాడు. అదే వంపు. దాన్ని ఇన్‌వల్యూట్ అంటారని నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త గేరు పళ్ళకు ఆ వంపు పెట్టాలన్నాడని కూడా తెలుసు. అది ఎందుకు పనిచేస్తుందో మాత్రం ఆ రాత్రే అర్థమైంది. బాపు ఇంకో కండె తెచ్చి పక్కన పెట్టాడు. మొదటి కండె నుంచి విడిన దారం రెండోదానికి చుట్టుకుంటోంది. దారం బిగువుగా ఉన్నంతసేపు రెండు కండెలూ ఒకే లెక్కలో తిరుగుతాయి, ఒక్క కుదుపు ఉండదు. రెండింటినీ కొంచెం దూరం జరిపినా ఆ లెక్క మారదు. గేరు పళ్ళు తాకే చోటు ఆ కనపడని దారం వెంటే నడుస్తుంది. వంపు తప్పు అయితే ప్రతి పన్ను దగ్గరా చక్రం ఒకసారి వేగమై ఒకసారి నెమ్మదించి, రాళ్ళబాటలో ఎడ్లబండిలా పోతుంది. నేను చేసిన గేరు ఏడ్చింది అందుకే.

ఈ పెట్టె గేర్లు రెండుసార్లు కొలిచాను, 6 మాడ్యూల్. 19 పళ్ళదానికి దిమ్మను 126 మిల్లీమీటర్లకు టర్నింగ్ చేశాను. ఇక పళ్ళ పంపకం. డివైడింగ్ హెడ్‌లో హ్యాండిల్ నలభై చుట్లు తిరిగితే దిమ్మ ఒక చుట్టు తిరుగుతుంది, లోపల వర్మ్ గేరు ఉంటుంది. నలభైని పంతొమ్మిదితో భాగిస్తే రెండు పోను, పంతొమ్మిదిలో రెండు వంతులు మిగులుతాయి. ప్లేటు మీద 19 రంధ్రాల వరుస ఉంది. ప్రతి పన్నుకూ హ్యాండిల్ రెండు నిండు చుట్లు, ఆపైన రెండు రంధ్రాలు. 17 నుంచి 20 పళ్ళ దాకా కోసే కట్టర్ బిగించి, మొదట తొమ్మిది మిల్లీమీటర్ల లోతు, రెండో కోతలో పదమూడున్నర. తెల్లటి కూలెంట్ నీళ్ళు ధారగా పడుతుంటే చురుకు చురుకుమంటూ రజను కింద పోగవుతుంది.

ఒక్క రంధ్రం తప్పినా ఆఖరి పన్ను సన్నగా వస్తుంది, దిమ్మ మొత్తం పాత ఇనుముకే. అందుకే పంతొమ్మిదో పన్ను కోసేటప్పుడు నాకు ఇప్పటికీ టెన్షనే. కట్టర్ బయటికి వచ్చాక పద్దెనిమిదో పన్ను, పంతొమ్మిదో పన్ను, మొదటి పన్ను, మూడూ వెర్నియర్‌తో కొలిచాను. సమానం. 16 పళ్ళదానికి లెక్క సులువు, రెండున్నర చుట్లు. ఆ గేరుకు హ్యాండిల్ మా అమ్మాయి తిప్పింది. ప్రతి పన్నుకూ పైకి లెక్కపెట్టింది, ఒక్కసారి కూడా తప్పలేదు.

సాయంత్రానికి రెండు గేర్లూ మెరుస్తూ బెంచీ మీద ఉంటే పెద్దాయన సంచి తెరిచాడు. "ఇగ బిగించుడేనా?"

కాదు. ఇప్పుడవి మెత్తగా ఉన్నాయి. ఇలాగే వేస్తే పది రోజుల్లో అంచులు అరిగి కత్తుల్లా తేలుతాయి. పోనీ లోపలి దాకా గట్టిపరిస్తే సకినంలా అవుతుంది, ఎంత గట్టిదైనా టక్కున విరుగుతుంది. గేరు పన్ను గారెలా ఉండాలి, పైన కరకర, లోపల మెత్తన. పైన ఒక మిల్లీమీటరు మందం మాత్రం బొగ్గుసారం పట్టించి గట్టిపరచాలి, లోపలి ఉక్కు సాగే గుణంతోనే ఉండాలి. పైపొర అరగకుండా కాపాడుతుంది, లోపలిది దెబ్బ తట్టుకుంటుంది. ఆ కొలిమి నా దగ్గర లేదు, హైదరాబాద్‌లో బాలానగర్‌కు పంపాలి. రెండు రోజులు.

"రెండు దినాలా!" అని కూలబడ్డాడు. ఆయన బాధ నాకు తెలుసు. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి. మాకూ దేశాయిపేట దాటాక రెండెకరాలుంది. తెలిసినాయన రొటావేటర్ ఒకటి ఖాళీగా ఉంటే ఫోన్ చేసి కిరాయికి మాట్లాడి పెట్టాను. గేరు మాత్రం మెత్తగా ఇవ్వలేదు. మెత్తటి గేరు ఇచ్చి పంపితే ఆయన పొలం మధ్యలో మళ్ళీ ఆగిపోతాడు, ఆ పాపం నాది.

నాలుగో రోజు పొద్దున గేర్లు తిరిగి వచ్చాయి, బూడిద రంగు తేలి. ఆకురాయి పెట్టి గీస్తే జారిపోయింది, గీత పడలేదు. షాఫ్ట్‌ను పట్టుకునే లోపలి గాడులను, అంటే స్ప్లైన్లను, ఆయిల్‌స్టోన్‌తో రుద్ది షాఫ్ట్ మీదికి ఎక్కించాను. కొత్త బెవెల్ సెట్టు పళ్ళకు నీలం రంగు పూసి చేత్తో తిప్పి చూశాను. మచ్చ పన్ను నడుమ పడాలి. మొదటిసారి కొసకు పడింది, సందు సరిచేసే పల్చటి రేకు, షిమ్, ఒకటి తీశాను. రెండోసారి నడుమకు వచ్చింది. పళ్ళ మధ్య కొంచెం సందు వదిలాను. సందు అసలు లేకపోతే వేడెక్కి ఉబ్బినప్పుడు పట్టేస్తాయి, నూనె కూడా లోపలికి పోదు. 90 నంబరు గేర్ ఆయిల్ లెవెల్ దాకా పోసి, వెనక మూత బిగించే ముందు పెద్దాయనను పిలిచి చూపించాను. 16 తిప్పే చోట, 19 తిరిగే చోట. మూత లోపలి వైపు పెయింటుతో రాశాను కూడా.

కత్తుల షాఫ్ట్‌కు బలం అందించే పక్క పెట్టె తెరిచి ఉంటే అందులోని మూడు గేర్లనూ చూసి ఆయన ఒక మంచి ప్రశ్న అడిగాడు. "నడుమ దాని పండ్లు మారిస్తే స్పీడు మారుతదా?" మారదు. నడిమి గేరు ఒక పన్ను తీసుకుంటే ఒక పన్నే ఇస్తుంది, అది ఎంత పెద్దదైనా సరే. అది చేసేది రెండే పనులు. దూరంగా ఉన్న షాఫ్ట్‌కు అందించడం, తిరిగే దిక్కును మళ్ళీ మొదటి దిక్కుకు తేవడం. ట్రాక్టర్ వెనక్కి నడిచేది కూడా అలా మధ్యలో ఒక గేరు దూర్చడం వల్లే. ఆయన తల ఊపి, "పోస్ట్‌మాన్ అసుంటిది" అన్నాడు. నేను ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

షెడ్డు ముందే ట్రాక్టర్‌కు తగిలించి తిప్పి చూశాం. పీటీవో మెల్లగా అందుకుంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టె మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాను. ఒకే ఒక్క సమమైన గుర్రు. అమ్మాయి కూడా వింది.

పెద్దాయన డబ్బులిచ్చి, షియర్ బోల్టులు నాలుగు ఎక్కువే కొనుక్కుని, పెట్టెను లారీ తాడుతో బిగించాడు. బయల్దేరబోయి మళ్ళీ లోపలికి వచ్చాడు. బెంచీ మీదున్న విరిగిన పన్ను ముక్కను తీసుకుని నున్నటి వైపు ఒకసారి వేలితో రాసి చూసుకున్నాడు.

"ఇది తీస్కపోత తమ్మీ. మా పెద్దోనికి సూపియ్యాలె."

తువ్వాల కొంగులో ముడేసుకుని ట్రాక్టర్ ఎక్కాడు.